నిత్యవిద్యార్థి ఎల్.వి. ప్రసాద్

ప్రతి తరంలోనూ ఏదో ఒక కొత్త యంత్రం మనుషుల బ్రతుకుదెరువును మార్చివేస్తూనే ఉంటుంది. అచ్చుయంత్రం వచ్చిననాడు తాళపత్రాలపై ఘంటంతో వ్రాసే లేఖకులకు పని తగ్గింది. అక్షరాలు కూర్చే కొత్త వృత్తి పుట్టింది. రైలుబండి వచ్చిననాడు దూరప్రయాణాలకు బండ్లు తోలేవారు వెనుకబడ్డారు. రైల్వే కొలువులు వేలాది కుటుంబాలకు అన్నం పెట్టాయి. పాత విద్యతో జీవిస్తున్నవాడి ఎదుట అటువంటి వేళ రెండు దారులు నిలుస్తాయి. ఒకటి, పోయినదానిని తలచుకొని కుమిలిపోవడం. రెండవది, వచ్చినదాని దగ్గర మళ్ళీ శిష్యుడై కూర్చోవడం. రెండవ దారి చెప్పినంత సులభం కాదు. ఆకలి, అప్పు, అవమానం వెంటాడుతుండగా అక్షరాభ్యాసం నుండి మొదలుపెట్టడానికి గుండెనిబ్బరం కావాలి. ఆ దారిలో అరవై ఏండ్లకు పైగా నడిచి, మూగబొమ్మల కాలం నుండి రంగుల చిత్రాల కాలం వరకు ప్రతి మలుపులోనూ కొత్త పనిని నేర్చుకొన్న తెలుగువాడు ఎల్.వి. ప్రసాద్.

ఆయన పూర్తి పేరు అక్కినేని లక్ష్మీవరప్రసాదరావు. ఇరవయ్యవ శతాబ్ది తొలి దశకంలో, జనవరి 17వ తేదీన, ఏలూరు సమీపంలోని సోమవరప్పాడు గ్రామంలో ఒక వ్యవసాయ కుటుంబంలో జన్మించారు. తల్లి బసవమ్మ, తండ్రి శ్రీరాములు. గారాబంగా పెరిగిన ఆ బాలునికి బడి చదువు మీద మనసు నిలువలేదు. ఊరూరా తిరిగే నాటక సమాజాలన్నా, వీధి ప్రదర్శనలన్నా ప్రాణం. ఆ రోజులలో ఏలూరుకు మూగచిత్రాలు వచ్చేవి. తెల్లని తెర మీద మనుషులు కదలడం, నవ్వడం, ఏడవడం ఆ పల్లెటూరి బాలునికి అంతులేని ఆశ్చర్యాన్ని కలిగించాయి. చూచి ఇంటికి వచ్చినా ఆ బొమ్మలు కన్నుల ముందు కదలాడుతూనే ఉండేవి. తానూ ఆ తెర మీద కనిపించాలన్న కోరిక ఆనాడే మొలకెత్తింది.

1924లో ప్రసాదరావుకు మేనమామ కుమార్తె సౌందర్య మనోహరమ్మతో వివాహమైంది. కొద్దికాలానికే ఆ దంపతులకు ఒక ఆడపిల్ల పుట్టింది. అంతలో కుటుంబం మీద పిడుగు పడింది. తండ్రి అప్పులపాలయ్యారు. ఋణం తీర్చలేక దివాలా ప్రకటించవలసిన స్థితి వచ్చింది. మాటకు, మర్యాదకు ప్రాణమిచ్చే పల్లెలో దివాలా అన్న మాట ఇంటిల్లిపాదినీ తలదించుకొనేటట్లు చేసింది. ప్రసాదరావు చేతిలో పట్టా లేదు, వృత్తివిద్య లేదు, అమ్ముకోవడానికి ఆస్తి లేదు. ఉన్నదల్లా నటన మీద మమకారం ఒక్కటే. 1930 ప్రాంతంలో ఆయన ఇంట్లో ఎవరికీ చెప్పకుండా, జేబులో 100 రూపాయలతో బొంబాయికి బయలుదేరారు.

ఈ ప్రయాణాన్ని సాహసమని మెచ్చుకోవడం నేడు సులభం. కాని ఆనాడు ఆ ఇంట మిగిలినవారి వైపు నుండి చూచినప్పుడు అది వేరొక విధంగా కనిపిస్తుంది. భర్త ఎక్కడికి వెళ్ళాడో తెలియని ఇల్లాలు, తండ్రిని ఎరుగని పసిబిడ్డ, అప్పులవాళ్ళ ముందు తలవంచిన పెద్దలు అక్కడే ఉండిపోయారు. ప్రసాదరావు తన కలను వెతుక్కొంటూ వెళ్ళినపుడు దాని ధరలో కొంత భాగాన్ని వారు చెల్లించారు. తరువాతి జీవితంలో ఆయన పనిని ఎన్నడూ తేలికగా తీసుకొనలేదంటే, ఆ పని కోసం ఎవరిని విడిచి వచ్చారో గుర్తుంచుకొంటే అందులో ఆశ్చర్యం లేదు.

భారతీయ చలనచిత్రానికి ఆనాడు బొంబాయి పుట్టినిల్లు. 1913లో దాదాసాహెబ్ ఫాల్కే నిర్మించిన ‘రాజా హరిశ్చంద్ర’ ఆ నగరంలోనే ప్రదర్శితమైంది. కోహినూరు, ఇంపీరియల్ మొదలైన సంస్థలు ఏటా ఎన్నో మూగచిత్రాలు తీసేవి. అయితే స్టూడియోల ద్వారాల ముందు అవకాశం కోసం నిలుచున్న యువకులకు లెక్క లేదు. ప్రసాదరావుకు ఆ నగరపు భాష రాదు. సిఫారసు చేసే పెద్దలు లేరు. తెచ్చిన డబ్బు కరగిపోతున్న కొద్దీ స్టూడియో కల దూరమై, ఆకలి దగ్గరయింది. చివరకు ఒక దర్జీ దుకాణంలో చిల్లరపనులు చేసే కుర్రవాడిగా కుదిరారు. కొన్నాళ్ళకు ఆ దుకాణమూ మూతపడింది. తరువాత వీనస్ ఫిల్మ్ కంపెనీలో చెప్పిన పనల్లా చేసే సహాయకుని కొలువు దొరికింది. నటుడు కావాలని వచ్చినవాడు సామానులు మోసే పనిలో చేరాడు. అయినా ఆ పని స్టూడియో ప్రహరీకి లోపల ఉంది. ప్రసాదరావుకు అది చాలు.

మూగచిత్రాలలో నటించడానికి భాష అడ్డం కాదు. నటుడు పెదవులు కదిపితే చాలు. ఆ మాటల భావాన్ని దృశ్యాల నడుమ అక్షరాల రూపంలో చూపేవారు. ఆ అక్షరాల ఫలకాలను మార్చితే ఒకే చిత్రం ఏ ప్రాంతంలోనైనా ఆడేది. చదువురానివారి కోసం హాలులో ఒక వ్యాఖ్యాత నిలుచుండి కథ చెప్పేవాడు. హార్మోనియం, తబలా వాయించే కళాకారులు తెర ముందు కూర్చొని సందర్భానికి తగిన సంగీతం వినిపించేవారు. అటువంటి మూగచిత్రం ఒకటి, ‘స్టార్ ఆఫ్ ది ఈస్ట్’ అన్నది, ప్రసాదరావుకు మొదటి చిన్న వేషాన్ని ఇచ్చింది. దురదృష్టవశాత్తు అది విడుదలే కాలేదు. ఎంతో కష్టపడి సంపాదించుకొన్న తొలి అవకాశం ప్రేక్షకుల కంటబడకుండానే పెట్టెలలో మిగిలిపోయింది.

అంతలోనే సినిమా రంగాన్ని ఒక పెనుమార్పు కుదిపివేసింది. 1931 మార్చి 14న బొంబాయిలోని మెజెస్టిక్ సినిమా హాలులో ‘ఆలం ఆరా’ విడుదలైంది. ఇంపీరియల్ సంస్థ అధిపతి అర్దేషిర్ ఇరానీ నిర్మించిన ఈ చిత్రం భారతదేశపు తొలి టాకీ. తెర మీది బొమ్మ మాట్లాడింది, పాడింది. అయితే ఆ మాట వెనుక గొప్ప ప్రయాస ఉన్నది. దృశ్యాన్నీ ధ్వనినీ ఒకేసారి ఒకే ఫిల్ము మీద ముద్రించే పద్ధతి అది. స్టూడియో సమీపంలో రైలు మార్గం ఉండడంతో పగటివేళ శబ్దం అడ్డుపడేది. అందువలన రైళ్ళ రాకపోకలు తగ్గిన రాత్రివేళ చాలా భాగం చిత్రీకరించారు. మైకులను కెమెరా కంటబడని చోట దాచేవారు. నటీనటులు తమ పాటలు తామే పాడుకోవలసి వచ్చేది. వాద్యకారులు కెమెరా పరిధికి ఆవల నక్కి కూర్చొని వాయించేవారు. ఒకరు తడబడినా దృశ్యమంతా మళ్ళీ తీయవలసినదే. ఈ చారిత్రక చిత్రంలో ప్రసాదరావుకు ఒక చిన్న పాత్ర లభించింది.

టాకీ రాకతో ఎందరి బ్రతుకులో తారుమారయ్యాయి. హాలులో కథ చెప్పే వ్యాఖ్యాతకు, హార్మోనియం వాయించే కళాకారునికి పని లేకుండా పోయింది. అందమైన ముఖమున్నా పలుకు సరిగా లేని నటులను నిర్మాతలు పక్కన పెట్టారు. ఇంపీరియల్ సంస్థలోనే అగ్రతారగా వెలిగిన సులోచన అంతటి నటి సైతం హిందూస్థానీ భాషను పట్టుదలతో నేర్చుకొన్న తరువాతనే టాకీలలో మళ్ళీ నిలదొక్కుకోగలిగింది. నాలుగైదేండ్లలో మూగచిత్రం పూర్తిగా కనుమరుగైంది.

కాని తలుపు మూసిన ఆ యంత్రమే మరొక తలుపును తెరిచింది. మూగచిత్రానికి దేశమంతా ఒకే విపణి. టాకీకి భాష వచ్చింది. భాషతోపాటు హద్దులూ వచ్చాయి. తమిళ ప్రేక్షకునికి తమిళ చిత్రం, తెలుగు ప్రేక్షకునికి తెలుగు చిత్రం కావలసి వచ్చింది. బొంబాయి స్టూడియోలలో అంతవరకు ఎవరికీ అక్కరలేని తెలుగు పలుకుకు ఒక్కసారిగా విలువ ఏర్పడింది. ఇంపీరియల్ సంస్థలో పనిచేస్తున్న హెచ్.ఎం. రెడ్డి 1931లో తొలి దక్షిణాది టాకీ ‘కాళిదాస్’ను రూపొందించారు. ఆ వెంటనే తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’కు దర్శకత్వం వహించారు. ఆ చిత్రం 1932 ఫిబ్రవరి 6న విడుదలైంది. ఈ రెండింటిలోనూ ప్రసాదరావుకు చిన్న వేషాలు దొరికాయి. ఆ విధంగా హిందీ, తమిళ, తెలుగు భాషల తొలి టాకీలు మూడింటిలోనూ నటించిన అరుదైన ఖ్యాతి ఆయనకు దక్కింది. బొంబాయిలోని ఒక గుమాస్తా, పేరు మరీ పొడవుగా ఉన్నదని భావించి లక్ష్మీవరప్రసాదరావును ఎల్.వి. ప్రసాద్‌గా కుదించాడు. గుమాస్తా సౌకర్యం కోసం పుట్టిన ఆ పేరే చరిత్రలో నిలిచింది.

మూడు తొలి టాకీలలో కనిపించినంత మాత్రాన జీవనం కుదుటపడలేదు. చిన్న వేషాల ఆదాయం చిన్నదే. అయితే నటనకు మాత్రమే అంటిపెట్టుకొని కూర్చొంటే రోజులు గడవవని ప్రసాద్ గ్రహించారు. టాకీకి నటులకంటె పని తెలిసిన సహాయకులు ఎక్కువగా కావలసి వచ్చారు. సంభాషణలు వల్లె వేయించాలి, దృశ్యాల క్రమం వ్రాసి ఉంచాలి, ధ్వనికీ బొమ్మకూ పొత్తు కుదిరిందో లేదో చూడాలి. అలీ షా అనే దర్శకుని వద్ద ‘కమర్ అల్ జమాన్’ చిత్రానికి సహాయ దర్శకునిగా చేరే అవకాశం ఆయనకు అనుకోకుండా లభించింది. నటుడు కావాలని వచ్చిన యువకుడు కెమెరాకు వెనుక ఉన్న లోకాన్ని నేర్చుకోవడం మొదలుపెట్టారు. మధ్యలో స్వగ్రామానికి వెళ్ళి, విడిచి వచ్చిన భార్యను తోడ్కొని బొంబాయి చేరారు. కుమారులు ఆనంద్, రమేష్ ఆ నగరంలోనే జన్మించారు.

పని లేని రోజులు మళ్ళీ వచ్చాయి. సంసారం గడవాలి. గ్రాంట్ రోడ్డు సమీపంలోని డ్రీమ్‌లాండ్ సినిమా హాలులో ప్రసాద్ గేటుకీపరుగా చేరారు. తెర మీద నటించినవాడు ద్వారం వద్ద నిలుచుండి టిక్కెట్లు చింపే పనికి వెనుదీయలేదు. స్టూడియోలో కొలువు చేసేవారికి చిత్రం ఎలా తయారవుతుందో తెలుస్తుంది. హాలు గుమ్మం వద్ద నిలిచినవారికి దానిని జనం ఎలా స్వీకరిస్తారో తెలుస్తుంది. ఏ దృశ్యానికి ప్రేక్షకులు నవ్వుతారో, ఏ ఘట్టంలో విసుగుతో కదులుతారో ప్రతి ఆటలోనూ కంటికి కనిపిస్తుంది. పిమ్మట కుటుంబ ప్రేక్షకుల నాడి తెలిసిన దర్శకునిగా ఆయన పేరు పొందారంటే, గుమ్మం వద్ద గడచిన ఆ రోజులకు అందులో పాలు లేదనలేము.

1934 నుండి మద్రాసులోనే తెలుగు టాకీల నిర్మాణం మొదలైంది. క్రమంగా తెలుగు చిత్రరంగం బొంబాయి, కలకత్తాల నుండి మద్రాసుకు తరలింది. ప్రసాద్ కూడా దక్షిణానికి చేరారు. ‘కష్టజీవి’ అనే చిత్రానికి దర్శకత్వం వహించే అవకాశం వచ్చింది. అయితే మూడు రీళ్ళు తీయగానే అది ఆగిపోయింది. ఎదురుచూచిన దర్శకత్వం చేతికి అందినట్లే అంది జారిపోయింది. మొదటి వేషం వెలుగు చూడలేదు; మొదటి దర్శకత్వమూ వెలుగు చూడలేదు. ఆ స్థితిలో చాలామంది పరిశ్రమనే విడిచిపెడతారు. దర్శకునిగా కూర్చొన్న కుర్చీ నుండి లేచి మళ్ళీ సహాయ దర్శకునిగా నిలబడడానికి ప్రసాద్ సంకోచించలేదు. పదవి తగ్గిందని ఆయన కుంగిపోలేదు; నేర్చుకొనే చోటు దక్కినందుకు తృప్తిపడ్డారు.

ఆ ఓర్పు ఫలించింది. ‘గృహప్రవేశం’ చిత్రంలో సహాయ దర్శకునిగా చేరిన ప్రసాద్, పరిస్థితులు కలిసివచ్చి దాని దర్శకుడూ కథానాయకుడూ అయ్యారు. భానుమతి నాయికగా నటించిన ఆ చిత్రం 1946లో విడుదలై విజయం సాధించింది. బొంబాయికి బయలుదేరిన నాటి నుండి అప్పటికి దాదాపు పదహారేండ్లు గడిచాయి. గూడవల్లి రామబ్రహ్మం ‘పల్నాటి యుద్ధం’ చిత్రాన్ని తీస్తూ అనారోగ్యం పాలైనప్పుడు దానిని పూర్తిచేసే బాధ్యత ప్రసాద్ భుజాల మీద పడింది. 1947లో ఆ చిత్రం వెలువడింది. 1948లో ‘ద్రోహి’, 1949లో ‘మనదేశం’ ఆయన దర్శకత్వంలో వచ్చాయి. నందమూరి తారకరామారావు తెర మీద తొలిసారి కనిపించినది ‘మనదేశం’లోనే. తాను అవకాశం కోసం ఏండ్ల తరబడి ఎదురుచూచిన వ్యక్తి ఒక కొత్త యువకునికి ద్వారం తెరవడం గమనింపదగిన విషయం.

ఆ కాలానికి తెలుగు చిత్రాలలో రంగస్థలపు ధోరణి ఇంకా బలంగా ఉండేది. మైకు లేని నాటకశాలలో చివరి వరుసకు వినిపించేటట్లు గొంతెత్తి పలకడం నటులకు అలవాటు. పురాణకథలకు ఆ పద్ధతి నప్పినా, నడవాలో కూర్చొని మాట్లాడుకొనే సంసారుల కథకు నప్పదు. మైకు గుసగుసను కూడా పట్టుకొంటుంది. కెమెరా కనురెప్ప కదలికను కూడా చూపుతుంది. ఇకమీదట అరవడం కంటె మెల్లగా పలకడమే కష్టమైన విద్య అయింది. ప్రసాద్ ఆ విద్యను నటులకు నేర్పారు. ప్రతి సన్నివేశాన్ని తాను నటించి చూపేవారు. విజయా సంస్థ తొలి చిత్రం ‘షావుకారు’, ఎన్.టి. రామారావు, అక్కినేని నాగేశ్వరరావు కలిసి నటించిన ‘సంసారం’ రెండూ 1950లో ఆయన దర్శకత్వంలోనే వచ్చాయి. 1952లో ‘పెళ్ళి చేసి చూడు’ వచ్చింది. ఇరుగుపొరుగుల తగవులు, పెళ్ళిళ్ళ బేరాలు, మధ్యతరగతి ఇళ్ళలోని చిన్నచిన్న సంతోషాలు తెలుగు తెర మీద సహజంగా పలకడం ఈ చిత్రాలతో స్థిరపడింది.

1955లో వచ్చిన ‘మిస్సమ్మ’ ఆయన దర్శకత్వంలో వచ్చిన చిత్రాలలో అత్యంత ప్రజాదరణ పొందినది. దాని కథకు మూలం నిరుద్యోగమే. పట్టభద్రులైన ఒక యువకుడు, ఒక యువతి ఉద్యోగం కోసం తిరుగుతుంటారు. భార్యాభర్తలైన ఉపాధ్యాయులే కావాలని ఒక జమీందారు ప్రకటన ఇస్తాడు. పొట్టకూటి కోసం వారిద్దరూ దంపతులమని అబద్ధమాడి ఆ కొలువులో చేరతారు. సావిత్రి, ఎన్.టి. రామారావు, నాగేశ్వరరావు, ఎస్.వి. రంగారావు, రేలంగిలతోపాటు నెల్లూరు సీమకు చెందిన హాస్యనటుడు రమణారెడ్డి కూడా అందులో నటించారు. ఉద్యోగం కోసం మనిషి ఎన్ని వేషాలు వేయవలసి వస్తుందో చూచి ప్రేక్షకులు హాయిగా నవ్వారు. దర్జీ దుకాణంలోనూ, హాలు గుమ్మం వద్దనూ పనిచేసిన దర్శకునికి ఆ నవ్వు వెనుకనున్న బాధ పరాయిది కాదు. అందుకే ఆ చిత్రంలో నిరుద్యోగి ఎక్కడా నవ్వులపాలు కాడు. అతనిని ఆ స్థితికి తెచ్చిన లోకపు తీరే నవ్వు పుట్టిస్తుంది. ఈ కథ తమిళంలోనూ, ‘మిస్ మేరీ’ పేరుతో 1957లో హిందీలోనూ ప్రసాద్ దర్శకత్వంలోనే వచ్చింది.

1956లో ‘ఇలవేల్పు’ చిత్రంతో ప్రసాద్ నిర్మాతగా మారారు. మద్రాసులో స్టూడియోను నెలకొల్పి హిందీ చిత్రాల వైపు దృష్టి సారించారు. 1957లో రాజ్‌కపూర్, మీనాకుమారి నటించిన ‘శారద’కు దర్శకత్వం వహించారు. ‘ఛోటీ బహన్’, ‘ససురాల్’, ‘మిలన్’, ‘ఖిలౌనా’ మొదలైనవి ఆయన సంస్థకు ఉత్తరాదిన పేరు తెచ్చాయి. వీటిలో 1967 నాటి ‘మిలన్’కు తెలుగు చిత్రం ‘మూగమనసులు’ మాతృక. ఒకనాడు భాష రాక బొంబాయి వీధులలో పని వెతుక్కొన్న వ్యక్తి, ఆ భాషలోనే చిత్రాలు తీసి ఆ నగరపు అగ్రనటులకు పని చూపారు. మొదట భాషను అడ్డుగోడగా నిలిపిన టాకీని, చివరకు ఆయన భాషల మధ్య వంతెనగా మలచుకొన్నారు.

చిత్రరంగానికి ధ్వని తరువాత వచ్చిన రెండవ గొప్ప మార్పు రంగు. నలుపు తెలుపు ఫిల్మును శుద్ధి చేయడం కంటె రంగుల ఫిల్మును శుద్ధి చేయడం ఎంతో సున్నితమైన పని. రసాయనాల పాళ్ళు, ద్రవపు వేడి, ఫిల్ము అందులో నిలిచే కాలం లెక్క తప్పకూడదు. కొంచెం తేడా వచ్చినా ఆకాశం రంగు మారుతుంది, ముఖంలో కళ తప్పుతుంది. వందలమంది ఎండలో కష్టపడి తీసిన దృశ్యం చీకటిగదిలో ఒక్క పొరపాటుతో నాశనమవుతుంది. నటీనటులకు వచ్చే కీర్తి ఆ గదిలో పనిచేసేవారికి రాదు. అయినా చిత్రం బ్రతుకు వారి చేతిలోనే ఉంటుంది. ఆరున్నర దశాబ్దాల వయసు దాటిన ప్రసాద్, దర్శకునిగా సంపాదించిన పేరుతో తృప్తిపడి విశ్రమించవచ్చును. ఆయన అలా చేయలేదు. 1970ల మధ్యకాలంలో మద్రాసులో ఆధునిక యంత్రసామగ్రితో ప్రసాద్ ఫిల్మ్ లేబరేటరీని స్థాపించారు. కుమారుడు రమేష్ ప్రసాద్ ఆ పనికి అండగా నిలిచారు. హైదరాబాదు, భువనేశ్వర్ మొదలైన నగరాలకు ఆ సేవలు విస్తరించాయి. ప్రాంతీయ భాషల నిర్మాతలకు మేలైన సాంకేతిక సౌకర్యం దగ్గరలోనే లభించింది.

యంత్రాన్ని ఆహ్వానించినవారందరూ బాగుపడ్డారని చరిత్ర చెప్పదు. మచిలీపట్నంలో పుట్టి మద్రాసులో ఛాయాగ్రాహకునిగా స్థిరపడిన రఘుపతి వెంకయ్య, 1910లో క్రోనోమెగాఫోన్ అనే విదేశీ యంత్రాన్ని తెప్పించి ఊరూరా చిత్రాలు ప్రదర్శించారు. మద్రాసులో సినిమా హాళ్ళు కట్టించారు. కుమారుడు ప్రకాష్‌ను విద్య కోసం విదేశాలకు పంపారు. 1921లో వారి సంస్థ నుండి ‘భీష్మ ప్రతిజ్ఞ’ వెలువడింది. తెలుగు సినిమాకు పునాది వేసిన ఆ మహనీయుడు ఆ వ్యాపారంలోనే ఆర్థికంగా నష్టపోయారు. కొత్తదనాన్ని నమ్మడం ఒక్కటే చాలదనడానికి ఆయన జీవితం సాక్ష్యం. కాలం కలసిరావాలి, చేయూతనిచ్చేవారు దొరకాలి. ప్రసాద్‌కు హెచ్.ఎం. రెడ్డి వంటి తెలుగు ఎరిగిన దర్శకుడు సరైన వేళకు తారసపడ్డారు. అయితే అవకాశం తలుపు తట్టిన ప్రతిసారీ ఆ పని చేయడానికి ప్రసాద్ సిద్ధంగా ఉన్నారన్నది కూడా అంతే నిజం. రఘుపతి వెంకయ్య పేరిట రాష్ట్ర ప్రభుత్వం నెలకొల్పిన పురస్కారం 1980లో తొలిసారిగా ఎల్.వి. ప్రసాద్‌కే లభించడం ఆ ఇద్దరి శ్రమనూ ఒకచోట చేర్చింది. 1982 సంవత్సరానికి చలనచిత్ర రంగంలో అత్యున్నతమైన దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం ఆయనను వరించింది.

వయసు పైబడినా కెమెరా ముందు నిలవాలన్న బాల్యపు కోరిక ఆయనలో చావలేదు. నెల్లూరు జిల్లా ఉదయగిరిలో జన్మించిన సింగీతం శ్రీనివాసరావు 1981లో ‘అమావాస్య చంద్రుడు’ చిత్రాన్ని రూపొందించారు. కమల్‌హాసన్ చూపులేని వాయులీన కళాకారునిగా నటించిన ఆ చిత్రంలో ప్రసాద్ కథానాయిక తాతగారి పాత్రను పోషించారు. కొత్తతరం దర్శకుని సూచనలను పాటిస్తూ ఆ వృద్ధ దర్శకుడు మళ్ళీ నటుడయ్యారు.

చూపులేనివారి విషయంలో ఆయన చేసిన మేలు తెర మీది కథతో ఆగలేదు. జీవితమంతా చూపు మీద ఆధారపడిన కళతో గడిపిన ఆయన, నేత్రవైద్య నిపుణుడు డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావు సంకల్పించిన వైద్యసంస్థకు హైదరాబాదులో 5 ఎకరాల స్థలాన్ని, కోటి రూపాయల విరాళాన్ని అందించారు. 1987లో ప్రారంభమైన ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్య సంస్థ పేదలకు ఉచితంగా చికిత్స చేస్తూ, గ్రామాలకు సేవలను విస్తరింపజేస్తూ దేశవిదేశాలలో పేరుపొందింది. 100 రూపాయలతో ఇల్లు విడిచిన వ్యక్తి సంపాదన, ఆయన చిత్రాలను ఎన్నడూ చూడలేకపోయినవారికి చూపునిచ్చే పనికి వినియోగపడింది.

1994 జూన్ 22న ఎల్.వి. ప్రసాద్ కన్నుమూశారు. 2006లో భారత తపాలా శాఖ ఆయన స్మారకంగా తపాలా బిళ్ళను విడుదల చేసింది. ఆయన మరణానంతరం చిత్రరంగంలో మరొక పెనుమార్పు వచ్చింది. అంకాత్మక విధానం ప్రవేశించి, 2010 తరువాతి కొద్ది ఏండ్లలో ఫిల్మునే దాదాపుగా తొలగించివేసింది. రంగుల ఫిల్మును శుద్ధి చేసే ప్రయోగశాలలకు పని లేకుండా పోయింది. ఆయన వృద్ధాప్యంలో నెలకొల్పిన వృత్తి సైతం, ఒకనాటి మూగచిత్రం వలెనే పాతబడింది. కాని ఆయన స్థాపించిన సంస్థ శిథిలమవుతున్న పాత ఫిల్ములను అంకాత్మక పద్ధతిలో పునరుద్ధరించే కొత్త విద్యను అలవరచుకొన్నది. గీతలు పడిన బొమ్మలను, మసకబారిన రంగులను సరిదిద్ది తరువాతి తరాలకు అందించే పనిలో దిగింది.

యంత్రాలు మారుతూనే ఉంటాయి. ఏ విద్యా చివరి విద్య కాదు. ఎల్.వి. ప్రసాద్ సామానులు మోశారు, గుమ్మం కాచారు, నటించారు, దర్శకత్వం వహించారు, చిత్రాలు నిర్మించారు, ప్రయోగశాలను నడిపారు. వీటిలో ఏ ఒక్క పనినీ ఆయన బడిలో నేర్చుకొనలేదు. ప్రతి పనికీ ఎవరో ఒకరి దగ్గర శిష్యునిగా నిలిచి నేర్చుకొన్నారు. ఎత్తుకు ఎదిగిన తరువాత కూడా ఆ శిష్యత్వాన్ని విడువకపోవడమే ఆయన సంపద. పని కోసం బయలుదేరే ప్రతి యువతీయువకునికి ఆ సంపద అందుబాటులోనే ఉన్నది. తెలియదని ఒప్పుకొనే వినయం, తెలుసుకొనేవరకు నిలిచే ఓర్పు దానికి వెల.